ట్రంకు పెట్టె మీద కాఫీ



చాలా రోజుల తర్వాత గ్రూపులో పెద్ద పోస్టు పెడుతున్నాం, ఓపిగ్గా చదవండి. నలుగురం కలిసి కూర్చుని రాసింది కాబట్టి ‘మేము’ అనే రాస్తున్నాం. ఇందులో ఒక తమ్ముడి సంగతి ఉంది. అతని పేరు, ఊరు, మండలం ఏవీ రాయలేదు. చదివాక ఎవరో మీకు తెలిసిపోతే తెలిసిపోనివ్వండి, పేరు మాత్రం ఎక్కడా పెట్టొద్దు. ముందు అతనికి చదివి వినిపించాం. “సరే, పెట్టండి” అన్నాకే పెడుతున్నాం.

మా నలుగురిదీ ఒకే ఆశ్రమ పాఠశాల. ఇద్దరం విశాఖలో మద్దిలపాలెం దగ్గర రూము తీసుకుని కోచింగ్‌కి వెళ్తున్నాం. ఒకడు ఫార్మసీ ఆఖరి సంవత్సరం. నాలుగో మనిషి అక్క. సొంత అక్క కాదు, స్కూల్లో మాకు సీనియరు. ఇప్పుడు మన ఏజెన్సీలోనే చిన్న బడిలో టీచరు. 2000లో వచ్చిన జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక, మన ఏరియాలో టీచరు పోస్టు మనకి రావడం ఎంత కష్టమైందో ఈ గ్రూపులో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి రోజుల్లో అక్కకి డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం పడింది. డిసెంబర్‌లో ఒక శనివారం సాయంత్రం బస్సు దిగి నేరుగా మా రూముకే వచ్చింది.

“రేపు టిఫిన్ నాది” అంది. మేము బిర్యానీ అనుకున్నాం. “పొద్దున్నే బిర్యానీ ఏటిరా? భీమిలిలో డైట్ చదివినప్పుడు, సిటీకి వచ్చిన ప్రతిసారీ బస్సులోంచి ఒక పాత బంగళా హోటల్ చూసేదాన్ని. లాంతర్లు వేలాడుతుండేవి. లోపల కూర్చున్నవాళ్ళు మాట్లాడుకుంటూ నవ్వుకుంటుండేవారు. ఒక్కసారి అక్కడ కూర్చోవాలని అప్పట్నుంచీ ఉంది” అంది.

బీచ్ రోడ్డు నుంచి పైకి ఎక్కే సందులో ఉంది ఆ కేఫ్. పేరు రాయడం లేదు, పేరుతో పని లేదు. పాత పెంకుటిల్లు బాగు చేసి, సున్నం గోడలు అలాగే ఉంచి, గుమ్మానికి పాత చెక్క తలుపులు బిగించారు. బయట బోర్డు మీద ‘వింటేజ్’ అని ఉంది. మాలో ఒకడికి ఆ మాటకి అర్థం సరిగ్గా తెలీక అడిగాడు. ఫార్మసీ వాడు చెప్పాడు: “పాతది అని. కానీ పాతది అంటే రేటు తక్కువ, వింటేజ్ అంటే రేటు ఎక్కువ.” నవ్వుకుంటూనే లోపలికి వెళ్ళాం.

లోపల అడుగు పెట్టగానే నవ్వు ఆగిపోయింది. బాగోలేక కాదు, అన్నీ తెలిసిన వస్తువులే కావడం వల్ల.

పైకప్పు నుంచి లాంతర్లు వేలాడుతున్నాయి, లోపల కరెంటు బల్బులు. ఒక మూల తిరగలి, దాని మీద అద్దం పెట్టి టేబుల్ చేశారు. ఎండిన ఆనపబుర్రలకి చిల్లులు పెట్టి దీపాలు చేశారు. పాత రేడియో, గుండ్రంగా తిప్పే నల్ల ఫోను, టైపు మిషను, గోడ మీద మాయాబజార్ పోస్టరు. ఇవి పట్నం వాళ్ళ పాత వస్తువులు. ఇంకో గోడ మాత్రం మొత్తం మనదే. తుడుం, జోడుకొమ్ములు, విల్లు, వెదురు బుట్ట, ధింసా ఆడుతున్న ఆడవాళ్ళ నలుపు తెలుపు ఫొటో. ఫొటో కింద పేరు లేదు, ఊరు లేదు.

“ఆనపబుర్ర చూడండిరా” అంది అక్క. వాళ్ళ నాన్న పొలానికి వెళ్ళేటప్పుడు అంబలి అందులోనే పోసుకెళ్ళేవాడట. ఎండలో కూడా చల్లగా ఉంటుంది. బుర్ర పగిలిన రోజు అమ్మ తిట్టిన తిట్లు కూడా గుర్తున్నాయట. మాలో ఇంకొకడు లాంతరు కేసి చూసి, “మా ఇంట్లో ఇది ఇప్పటికీ మేకుకి వేలాడుతోంది. వింటేజ్ అని కాదు, వానాకాలంలో కరెంటు పోతే మూడేసి రోజులు రాదని” అన్నాడు.

మా టేబుల్ ఒక ట్రంకు పెట్టె. పాత ఇనప ట్రంకు పెట్టెకి కింద చెక్క కాళ్ళు బిగించి, పైన వార్నీష్ కొట్టారు. ఆశ్రమ పాఠశాలలో చదివిన ఎవరికైనా ట్రంకు పెట్టె అంటే ఏమిటో తెలుసు. ఆరో తరగతిలో నాన్న భుజం మీద మోసుకొచ్చి డార్మిటరీలో గోడ వారన పెట్టి వెళ్ళిపోయే పెట్టె అది. ఇంటి నుంచి వచ్చిన మనిషి వెళ్ళిపోయాక మిగిలేది అదొక్కటే. బట్టలు, సబ్బు, అమ్మ కట్టిచ్చిన చోడి పిండి, దాచుకున్న పది రూపాయలు, అన్నీ అందులోనే. రాత్రి దాని మూత మీదే పుస్తకం పెట్టుకుని హోంవర్కు. మూత మీద తెల్ల రంగుతో పేరు, తరగతి రాయించేవాళ్ళం.

ఈ పెట్టె మూత మీద కూడా ఏదో రాసి ఉంది. గీకేశారు కానీ పూర్తిగా పోలేదు. వేలితో రుద్ది చూశాం. పేరు తెలియలేదు. ‘7వ తరగతి’ అన్నది మాత్రం వార్నీష్ కింద కనబడుతోంది. ఏ స్కూలో, ఎవరిదో. పాత ఇనుము కొట్టు నుంచి వచ్చి ఉంటుంది. ఆ ఏడో తరగతి పిల్లాడికో పిల్లకో ఇప్పుడు ఎన్నేళ్ళో, పెట్టె ఎందుకు అమ్ముకున్నారో తెలీదు. అక్క తన హ్యాండ్ బ్యాగు ఆ పెట్టె మీద పెట్టబోయి, తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మెనూ కార్డు చూశాం. చోడి దోస 190 రూపాయలు. సామల ఉప్మా 180. చోడి అంబలిలో అరటిపండు, తేనె వేసి గాజు గ్లాసులో ఇస్తారట, దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టారు, 160. ఇడ్లీలు అడ్డాకు విస్తరిలో ఇస్తారని బొమ్మ కూడా వేశారు.

ఇంటర్‌కి పట్నం వచ్చిన కొత్తలో మాలో ఒకడు ఇంటి నుంచి అంబలి సీసాలో తెచ్చుకుంటే, క్లాసులో ‘సిమెంటు నీళ్ళు’ అని పేరు పెట్టారు. ఆ తర్వాత వాడు మళ్ళీ తేలేదు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది. అప్పట్నుంచీ సిటీలో ఎక్కడ చూసినా చోళ్ళు, సామలు, కొర్రలే. మంచిదే, మన పంటకి గిరాకీ వస్తే మనకే మంచిది. కానీ ‘సిమెంటు నీళ్ళు’ అన్నవాళ్ళే ఇప్పుడు 160 పెట్టి తాగుతుంటారేమో అనిపించి మనసులో ఏదో కలుక్కుమంది. పైకి మాత్రం నవ్వుకున్నాం.

కాఫీ పేజీ వేరుగా ఉంది. ‘అరకు’ అన్న అక్షరాలు మిగతావాటి కంటే పెద్దవి. ఫిల్టర్ కాఫీ 140, పాలు లేకుండా గుడ్డ కాగితంలో వడగట్టి ఇచ్చేది 240. పక్కన కొండల బొమ్మ, ఒకావిడ పళ్ళు కోస్తున్న బొమ్మ.

మన గ్రూపులో సగం మంది ఇళ్ళల్లో కాఫీ తోట ఉంది. అయినా చిన్నవాళ్ళ కోసం రాస్తున్నాం, ఎందుకంటే మేము కూడా డిగ్రీకి వచ్చేదాకా ఈ లెక్క వేయలేదు. మన కొండల్లో 1960ల్లో అటవీ శాఖ కాఫీ తోటలు వేసింది. తర్వాత ఐటీడీఏ పోడు కొండల మీద సిల్వర్ ఓక్ నీడన మన రైతుల చేత వేయించింది. ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తాం. నవంబర్ నుంచి సంక్రాంతి దాటేదాకా కోత. పండు ఒకేసారి పండదు కాబట్టి ఎర్రబడినవే ఏరుకుంటూ మూడు నాలుగు విడతలు కోయాలి. అదే రోజు పల్పర్‌లో వేసి తొక్క తీయాలి, జిగురు పులియబెట్టి కడగాలి, టార్పాలిన్ మీద ఆరబెట్టాలి. మంచు పడితే కప్పాలి, ఎండ వస్తే తీయాలి. సుమారు ఆరు కిలోల పండుకి ఒక కిలో గింజ తేలుతుంది. వేయిస్తే అందులో ఇంకొంత తగ్గుతుంది. కప్పుకి పదిహేను, పదహారు గ్రాముల పొడి అనుకుంటే, ఒక కప్పు వెనక వంద గ్రాముల పైన పండు ఉన్నట్టు. అంటే దోసెడు పళ్ళు.

2017లో ఈ కాఫీకి పారిస్‌లో కొట్టు పెట్టారు. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు వచ్చింది. ఈ రెండూ మన పోటీ పరీక్షల్లో బిట్లు. మేమూ బట్టీ పట్టాం. కానీ ఆ కాఫీని కప్పులో, కుర్చీలో కూర్చుని, ఎవరో తెచ్చి ఇస్తే తాగింది మాత్రం లేదు. ఇళ్ళల్లో మనం తాగేది టీయే. గింజంతా అమ్మకానికే పోతుంది.

ఇలా ఒక్కో వస్తువునీ చూసి “ఇది మనది, ఇదీ మనదే” అనుకుంటూ ఉన్నాం. కాస్త గర్వంగా కూడా ఉంది. దాచుకోవడం ఎందుకు, ఫొటోలు కూడా తీసుకున్నాం.

అప్పుడు ఆర్డర్ తీసుకోవడానికి ఒక కుర్రాడు వచ్చాడు. గోధుమ రంగు ఏప్రాన్, తలకి అదే రంగు టోపీ. “గుడ్ మార్నింగ్ సర్, గుడ్ మార్నింగ్ మేడమ్” అన్నాడు, చేతిలో చిన్న పుస్తకం కేసి చూస్తూ. గొంతు వినగానే మాకు తెలిసిపోయింది.

మా స్కూలు తమ్ముడే. మా కంటే రెండేళ్ళు చిన్న. డార్మిటరీలో మాలో ఒకడి పక్కనే వాడి చాప, వాడి పెట్టె. లెక్కల్లో దిట్ట. చలికాలం రాత్రి దుప్పటి చాలక ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకున్నవాళ్ళు. టెన్త్‌లో మంచి మార్కులొస్తే స్కూలు గేటు దగ్గర మేమే ఎత్తుకుని తిప్పాం. డిగ్రీ చదువుతున్నాడని తెలుసు. ఏడాదిగా ఫోను ఎత్తడం లేదు. నంబరు మార్చాడనుకున్నాం.

ఇక్కడ మేము చేసిన పని రాయాలి. ఈ పోస్టు రాయడానికి అదే కారణం.

మేము వాడిని పలకరించలేదు. వాడూ పలకరించలేదు. మేము మెనూ కార్డులోకి చూశాం. “ఒక చోడి దోస, రెండు ఇడ్లీ, ఒక ఉప్మా” అన్నాం. “ఓకే సర్” అన్నాడు. “నాలుగు కాఫీ” అన్నాం. “ఓకే సర్” అన్నాడు. వెళ్ళిపోయాడు.

తర్వాత మాలో మేము ఎన్నిసార్లో అడుక్కున్నాం, ఎందుకలా చేశామని. వాడు ఇబ్బంది పడతాడని ఊరుకున్నాం అని ఒకడన్నాడు. అది సగం నిజం. మిగతా సగం మా ఇబ్బంది. పక్క టేబుల్ దగ్గర లాప్‌టాప్ పెట్టుకున్నవాళ్ళున్నారు, వెనక ఒక కుటుంబం ఉంది. మేము మంచి చొక్కాలు ఇస్త్రీ చేసుకుని వెళ్ళాం. ఆ కాసేపూ మేము కూడా అక్కడి వాళ్ళలాగే ఉండాలనుకున్నాం. గోడ మీద తుడుం మనది అనడానికి నోరు వచ్చింది. ఆనపబుర్ర మనది అనడానికి వచ్చింది. ఎదురుగా నిలబడ్డ మనిషి మనవాడు అనడానికి మాత్రం రాలేదు.

అక్క అతన్ని వెంటనే గుర్తుపట్టలేదు. తను స్కూలు వదిలేనాటికి వాడు ఇంకా చిన్న పిల్లాడు. మా ముఖాలు చూసి, “ఏటైంది?” అంది. చెప్పాం. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తిట్టినా బాగుండును.

వాడు ట్రే పట్టుకుని వచ్చాడు. అడ్డాకు విస్తరి అక్క ముందు పెట్టాడు. అక్క మన ఆదివాసీ ఒడియాలో అడిగింది, చాలా మామూలుగా, సంతలో కనబడిన తమ్ముణ్ణి అడిగినట్టు: “నువ్వు తిన్నావా?”

వాడి చెయ్యి ఆగిపోయింది. చుట్టూ చూశాడు. తర్వాత మా కేసి చూశాడు, ఆ పూట మొదటిసారి. “తిన్నానక్కా” అన్నాడు, మన మాటలోనే. తర్వాత చిన్నగా, “అన్నా, మీరు ముందే చూశారు కదా?” అన్నాడు. మాకు జవాబు లేదు. “నేనూ చూశాన్లే” అని వాడే నవ్వేశాడు. ఆ నవ్వుతో మా ప్రాణం కాస్త కుదుటపడింది. కానీ ఆ ప్రశ్న ఇప్పటికీ వదల్లేదు.

కాఫీ వాడే తెచ్చాడు. ఆ కాఫీ గురించి కూడా చెప్పాలి, చాలా బాగుంది. పాలు లేనిది ఒకటి అదనంగా తెచ్చి, “ఇది నా లెక్కలో, తాగి చూడండి” అన్నాడు. చేదు ఉంటుందనుకున్నాం. పుల్లగా, చివర్లో బెల్లం వాసన లాంటిది తగిలింది. “పండు బాగా ఎర్రబడ్డాక కోసినదైతేనే ఇలా వస్తుంది. పచ్చికాయ కలిస్తే గడ్డి వాసన వస్తుంది. నేల మీద ఆరబెడితే మట్టి వాసన. వచ్చిన బస్తా విప్పగానే నాకు తెలిసిపోతుంది” అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, “ఇంట్లో టార్పాలిన్ దగ్గర కాపలా కాసిందెవరు మరి?” అన్నాడు.

ఇంతలో మేనేజర్ వచ్చాడు. మంచి మనిషే, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. మేము మాట్లాడుకోవడం విని, “మీరు కూడా అటు వైపు వాళ్ళేనా? మా అబ్బాయి ఒరిజినల్ అరకు సర్. కస్టమర్లకి ఇతన్నే కథ చెప్పమంటాం. కొండ భాషలో రెండు ముక్కలు మాట్లాడితే వాళ్ళకి చాలా ఇష్టం” అన్నాడు సంబరంగా. మేము తల ఊపాం. ఏమనాలో తెలీలేదు.

ఆయన వెళ్ళాక అడిగాం, “ఏటి చెప్తావురా మరి?”

“ఏటి చెప్తానన్నా? ‘కాఫీ చల్లారిపోతోంది, ఫోను పక్కన పెట్టి తాగండి’ అని చెప్తాను. వాళ్ళు చప్పట్లు కొడతారు.”

అక్క పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు. ఈసారి మేము పట్టించుకోలేదు.

బిల్లు వెయ్యి దాటింది. అక్క డబ్బులు తీస్తుంటే వాడు ఆగమన్నాడు. స్టాఫ్ డిస్కౌంట్ రాయించుకొచ్చాడు. అక్క ఒప్పుకోలేదు. “నా మొదటి జీతంరా, పూర్తిగా కట్టనీ” అంది. అక్కడ ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి బిల్లు అక్క కట్టింది, పాలు లేని కాఫీ వాడి లెక్కలో పోయింది.

పదకొండున్నరకి వాడికి గంట విరామం. కింద రోడ్డు మీద టీ బండి దగ్గర కలిశాం. అక్కడ టీ 12 రూపాయలు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి.

డిగ్రీ ఐదు సెమిస్టర్లు అయ్యాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చేరాడు. ప్రభుత్వం నుంచి డబ్బు పడలేదని, బాకీ 22 వేలు ముందు నువ్వు కట్టు, డబ్బు పడ్డాక తిరిగి ఇస్తాం అని కాలేజీ అంది. ఆరో సెమిస్టర్ హాల్ టికెట్ ఇవ్వలేదు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, అన్నీ వాళ్ళ దగ్గరే. ఇంట్లో అడిగితే అమ్మ మిరియాలు, కాఫీ వచ్చాక చూద్దామంది. పంట వచ్చేదాకా పరీక్ష ఆగదు కదా. ఇంటికి ‘పరీక్షలు రాశాను, కంపెనీలో ఉద్యోగం వచ్చింది’ అని చెప్పాడు. ఎనిమిది నెలలుగా ఇక్కడే. జీతం 12 వేలు, అందులో నాలుగు ఇంటికి. ఐదుగురు ఒక రూములో ఉంటారు.

“మాకెందుకు చెప్పలేదురా?” అని అడిగాం.

“ఏటి చెప్పాలన్నా? మీరు గేటు దగ్గర ఎత్తుకుని తిప్పారు కదా. కింద పడ్డానని ఎలా చెప్పను?”

అక్క కోపంగా అంది, “పని చేసుకోవడం కింద పడటమేంట్రా? మీ అమ్మ ఇప్పుడు తోటలో పళ్ళు కోస్తుంటుంది. కింద పడిందా?” వాడు తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా, “పనికి సిగ్గు లేదక్కా. అబద్ధానికి సిగ్గు” అన్నాడు. ఈ ఏడు అరకు వైపు కాఫీకి కాయతొలుచు పురుగు కనబడిందని వాళ్ళ అమ్మ ఫోన్‌లో భయపడుతోందట. తమ తోట దాకా రాలేదు కానీ, వస్తే నీ జీతమే మాకు ఆధారం అంటోందట. ఇక ఆమెకి నిజం ఎలా చెప్పేది?

ఆ రోజు టీ బండి దగ్గర మేము మహా తెలివైన పనేమీ చేయలేదు. అక్క సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది, మర్నాడు బడి. సోమవారం మాలో ఇద్దరం వాడితో పాటు కాలేజీకి వెళ్ళాం. ఏం జరిగిందో వరసగా రాస్తున్నాం, ఇలాంటి సమస్య ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

మొదటి రోజు ఆఫీసులో గుమస్తా “సారు లేరు, రేపు రండి” అన్నాడు. రేపు వెళ్ళాం. “ఎల్లుండి” అన్నాడు. అప్పుడు తెలివి వచ్చింది. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో స్టాంపు వేయమన్నాం. నోటితో అడిగినన్నాళ్ళూ రేపు, ఎల్లుండి. స్టాంపు అడగ్గానే లోపలికి పిలిచారు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రింటు తీసి అర్జీకి జత చేశాం. గొడవ పడలేదు, గొంతు పెంచలేదు. “మా తమ్ముడు పరీక్ష రాయాలి సర్” అని మాత్రం పదిసార్లు అన్నాం.

టెన్త్, ఇంటర్ మెమోలు చేతికిచ్చారు. ఆరో సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టించుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ ఫీజు నలుగురం కలిసి కట్టాం. 22 వేల బాకీ మాట ఇంకా తేలలేదు. ఐటీడీఏ ఆఫీసులో కూడా ఒక అర్జీ పెట్టాం, దాని మీదా స్టాంపు వేయించుకున్నాం. ఏమవుతుందో చూడాలి. అంతా అయిపోయిందని చెప్పడం లేదు. సగం అయింది.

వాడు కేఫ్‌లో పని మానలేదు. మానక్కర్లేదు కూడా. మధ్యాహ్నం మూడింటికి జనం ఉండరట. అప్పుడు పుస్తకం తీస్తున్నాడు. మొన్న చూడ్డానికి వెళ్తే ఆ ట్రంకు పెట్టె మీదే నోట్సు పరుచుకుని కూర్చున్నాడు. మేనేజర్ చూసి ఏమీ అనలేదు, ఫ్యాను తిప్పి వాడి వైపు పెట్టాడు.

ఆ మేనేజర్‌ని ఒక సంగతి అడిగాం. గోడ మీద ధింసా ఫొటో కింద ఊరి పేరు రాయొచ్చు కదా అని. “ఏ ఊరో మాకు తెలీదు సర్, ఫొటోలు అమ్మే చోట కొన్నాం” అన్నాడు. ఆయన తప్పు కాదు. ఎవరికైనా తెలిస్తే చెబుదామని ఫొటో తీసుకొచ్చాం, ఈ పోస్టుతో పాటు పెడుతున్నాం. ఆ చీర కట్టు, మెడలో కడియం చూసి మీ అమ్మమ్మలు గుర్తుపట్టొచ్చు. అడిగి చూడండి.

ఇక మా మాట.

సిటీలో మన వస్తువులకి మంచి రోజులొచ్చాయి. చోళ్ళకి, సామలకి, అడ్డాకుకి, కాఫీకి, చివరికి ఆనపబుర్రకి కూడా. సంతోషించాల్సిందే, ఆ రేటులో మన వాటా ఎంతని అడగాల్సిందే. అది పెద్ద లెక్క, ఇంకో రోజు రాద్దాం. కానీ ఆ వస్తువులతో పాటు మన పిల్లలు కూడా ఈ సిటీలోనే ఉన్నారు. ఏప్రాన్ కట్టుకుని, సెక్యూరిటీ డ్రెస్ వేసుకుని, డెలివరీ బ్యాగు తగిలించుకుని. కొందరు ఇష్టపడి చేస్తున్నారు. కొందరు చదువు మధ్యలో తెగిపోయి చేస్తున్నారు. ఎవరు ఏదో పలకరిస్తే గానీ తెలీదు.

మేము పలకరించలేదు. అక్క ‘తిన్నావా’ అని అడక్కపోతే బిల్లు కట్టి, ఫొటోలు తీసుకుని, మన గోడ చూసొచ్చామని ఈ గ్రూపులోనే గొప్పగా పోస్టు పెట్టేవాళ్ళం. తమ్ముడు అక్కడే ఉండిపోయేవాడు. అది తల్చుకుంటేనే భయమేస్తోంది.

మీకు కూడా ఎక్కడైనా తెలిసిన ముఖం కనబడితే, వాళ్ళు ముఖం తిప్పుకున్నా సరే, మన మాటలో ఒక్క మాట అడగండి. ఇష్టం లేకపోతే వాళ్ళే ఊరుకుంటారు, తప్పు లేదు. ఫీజు బాకీ వల్ల సర్టిఫికెట్లు ఆగినవాళ్ళు ఎవరైనా ఉంటే మాకు విడిగా మెసేజ్ పెట్టండి. మేము రాసిన అర్జీ నమూనా పంపుతాం, విశాఖలో అయితే తోడు కూడా వస్తాం.

సంక్రాంతికి ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి అంతా చెప్తానన్నాడు తమ్ముడు. అప్పటికి కోత కూడా ఆఖరి విడతకి వస్తుంది. కేఫ్ నుంచి పావుకిలో వేయించిన పొడి కొని ఉంచాడు. “అమ్మ పండే చూసింది గానీ కాఫీ తాగలేదన్నా. ముందు కాఫీ పెట్టిచ్చి, తర్వాత చెప్తాను” అన్నాడు. చెప్పగలడో లేదో చూడాలి. మాలో ఒకడు వాడితో వెళ్తున్నాడు.

జోహార్.